ఎర్రగీత, నీలిగీత, చిట్టెమ్మ

చిట్టెమ్మది ధవళేశ్వరానికి దిగువన మా ఊరే. రెండెకరాల కౌలు. భర్త పోయాక కూడా వదల్లేదు. వేసవిలో దాళ్వా, అంటే ఏడాదిలో రెండో పంట, నూర్చి, కౌలు బస్తాలు కొలిచిచ్చేశాక, మిగిలిన ధాన్యం పురిలో పోసేది. పురి అంటే గడ్డితాడు గుండ్రంగా చుట్టుకుంటూ కట్టే గాదె. అప్పటికే అందరూ కళ్లంలోంచే మిల్లుకి తోలేస్తున్నారు. "ఈ రోజుల్లో పురి ఏంటే?" అని నవ్వేవాళ్లతో, "ధాన్యం నాది, తొందర మీదేంటండి?" అనేది. కావలసినప్పుడు ఓ బస్తా ఆడించి బియ్యం ఇంటిదగ్గరే అమ్ముకునేది.

1998 ఎండాకాలంలో మిల్లు యజమాని దుర్గాప్రసాదరాజుగారు, బడిలో లెక్కలు చెప్పే నన్ను పిలిపించారు. ఐదేళ్లలో మన దేశపు గోడౌన్లలో నిల్వ ఎంత మారిందో, థాయిలాండులో ఎంత మారిందో అంకెలిచ్చి, రైతులకి అర్థమయ్యేలా అట్ట మీద గీయమన్నారు. గళ్ల కాగితం అంటించి మనది ఎర్రగీత, వాళ్లది నీలిగీత గీశాను. అందంగా వచ్చిందని మురిసిపోయాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు మిల్లు ఆవరణలో రైతులు చేరారు.

"థాయిలాండు నిల్వ తరిగిపోయింది. మనది చూడండి, ఎలా లేచిందో. ఇంత పేరుకుపోయాక కొనేవాడెవడు? ఉన్నదంతా ఈ వారంలో తోలెయ్యండి. తర్వాత ఈ రేటు కూడా రాదు" అన్నారు రాజుగారు.

ఆ రేటుకి అమ్మితే చిట్టెమ్మకి వానాకాలపు సార్వా పంట పెట్టుబడికి చాలదు. నాట్లు పడకపోతే కౌలు ఇంకొకరికి పోతుంది. అది అక్కడ అందరికీ తెలుసు. చిట్టెమ్మ లేచి అట్ట దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, ఈ ఎర్రగీత ఎక్కడ లేచిందండి?"

"తొంభై ఆరులోనమ్మా. ఇరవై గళ్ల దగ్గరున్నది ఇరవయ్యేడుకి."

"గాలివాన ఏడు కదండి అది. చేలు నీళ్లపాలైన ఏడు గోడౌన్లు నిండాయా? ఆ ఇరవయ్యేడూ బియ్యమా, ధాన్యమా?"

అంకెలు తెచ్చిన గుమస్తా సత్తియ్య కాగితం అటూ ఇటూ తిప్పి, "థాయిలాండుది అంతా బియ్యమేనండి. మనదే మొదట బియ్యం, తొంభై ఆరు నుంచి ధాన్యం" అని నసిగాడు.

"అయితే దేశంలో ఊక కూడా తింటున్నారన్నమాట" అంది చిట్టెమ్మ.

మూడు బస్తాల ధాన్యం ఆడిస్తే రెండు బస్తాల బియ్యం. మా వైపు పలక పట్టని పిల్లకి కూడా తెలిసిన లెక్క, పదిహేనేళ్లు లెక్కలు చెప్పిన నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే అందరి ముందూ దిద్దాను. ఇరవయ్యేడు పద్దెనిమిదయింది. ఎర్రగీత కూడా నీలిగీతతో పాటే కిందికి దిగింది. నిల్వ రెండు దేశాల్లోనూ తగ్గుతోంది.

రాజుగారికి ఒళ్లు మండిపోయింది. "చిట్టెమ్మా, రేపు వానకి నీ పురి తడిసి మొలకెత్తితే నా దగ్గరికి రాకు."

"రానండి" అని వెళ్లిపోయింది.

గీత దిద్ది చూపించినా, ఇద్దరు తప్ప అందరూ ఆ వారంలోనే తోలేశారు. భయపెట్టిన వాడి మీద కంటే భయపడిన వాళ్ల మీదే నాకు ఒళ్లు మండింది. చిట్టెమ్మ మాత్రం వాన పడ్డప్పుడల్లా పురి మీద గడ్డి సర్దుతూ, లోపలికి చెయ్యి పెట్టి వేడెక్కిందేమో చూసుకుంటూ, వారానికో బస్తా పక్కూరి మిల్లులో ఆడించి బియ్యం అమ్మింది. ఆ డబ్బుతోనే రెండెకరాల్లోనూ నాట్లు వేసింది.

శ్రావణంలో ధర లేచింది. సత్తియ్య లారీతో వచ్చి, "మిగిలిన ధాన్యం తీసుకురమ్మన్నారమ్మా రాజుగారు" అన్నాడు.

"ఆయన్నే రమ్మనండి" అంది.

మూడోరోజున రాజుగారు వచ్చారు. చిట్టెమ్మ కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. రేటు మాత్రం తనే చెప్పింది.