ఆవాల దిండు

నెలల పిల్ల మా మనవరాలికి దిండు కొందామని నెల్లూరులో ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి మెత్తటి దిండ్లు ఎన్నో తీసి చూపించింది. వాటిలో ఒకదాన్ని నొక్కితే లోపల సన్నగా గరగరమంది. ఆవాల దిండు! మా ఊరు కోటలో తమ్ముడు పుట్టినప్పటి రోజులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

తమ్ముడు నెలలు నిండకుండానే పుట్టాడు. దూది దిండు మీద తల ఆనిస్తే చాలు, కెవ్వుమనేవాడు. చీర మడతపెట్టి వేసినా అంతే. నిద్రలేక అమ్మ నీరసించిపోయింది. చివరికి మా అవ్వ తాతది పాత పంచె ఒకటి చింపి చిన్న సంచి కుట్టి, అందులో ఆవాలు పోసింది.

"ఆవాలెందుకవ్వా?" అన్నాను.

"పిల్లోడు ఎట్ట తిరిగితే అవి గూడా అట్ట తిరగతాయి. తల నొయ్యదు, గుండ్రంగా వస్తాది."

ఆవాలకు ప్రాణం ఉందనుకున్నాను. చెవి పెట్టి వింటే, అల వెనక్కి వెళ్లేటప్పుడు ఇసుక చేసే చప్పుడు వినిపించింది.

అవ్వ తమ్ముణ్ణి దాని మీద పడుకోబెట్టింది. వాడు తల కదిపినప్పుడల్లా ఆవాలు గుసగుసలాడాయి. మెల్లగా ఏడుపు ఆగింది, కళ్లు మూతపడ్డాయి. నేను అవ్వ చెవి దగ్గరికి వంగి అడిగాను.

"వాడికేం చెప్పినాయి అవ్వా?"

అవ్వ నవ్వింది. "నీకు చెప్పిందే. నువ్వు పుట్టినప్పుడు గూడా ఇట్టాంటిదే కుట్టినా గదా!"

రెండు చేతులతో నా తల తడిమి చూసుకున్నాను. గుండ్రంగా ఉంది. అప్పటిదాకా అది దానంతటదే అలా వచ్చిందనుకున్నాను.