ఇటుక బట్టీలో ఆరు మాటల బడి

పొద్దున ఏడింటి ప్యాసింజరు బెల్లంపల్లిలో ఎక్కాను. పెద్దపల్లి అవతల కరీంనగర్ దారిలో ఒక ఇటుక బట్టీలో ఒడిశా కూలీలకు యజమాని తెలుగు బడి పెట్టించాడని మా పక్కింటి లారీ డ్రైవరు చెప్పాడు. కళ్లారా చూద్దామనే ఈ ప్రయాణం. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. బొగ్గుబాయిలో షిఫ్టు దిగాక మిర్చీల పొట్లం కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చాను. అందుకే సంచీ నిండా ఓనమాల పుస్తకాలు కొన్నాను.

"గిన్ని పుస్తకాలెందుకు తాతా?" అంది ఎదురుగా కూరగాయల గంపతో కూర్చున్నామె.

"బట్టీల బడికి పోతున్న."

"గీ వయసులనా! ఫేలైతే ఏం జేస్తవ్?"

పెట్టెంతా నవ్వింది.

పెద్దపల్లిలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదింటికి బట్టీ చేరాను. కూలీల లెక్కలు చూసే ముంషీ గర్వంగా బడి బోర్డు చూపించాడు. ఆరే మాటలు: రా, పో, మొయ్యి, పేర్చు, జల్దీ, సరే సార్.

"మిగతావి?"

"ఇంకేం గావాలె తాతా? పని నడుస్తలేదా?"

యాభై ఏళ్ల కింద మా బాయిలోకి బయటి రాష్ట్రాలవాళ్లు దిగితే మేం మొదట నేర్పిన మాట 'ఉరుకు'. పైకప్పు పెళపెళమంటే ప్రాణం దక్కించేది అదే. ఇక్కడ నేర్పినవన్నీ బరువు మోయించే మాటలు!

బోర్డు కింద ఒక నిండు గర్భిణి పొట్ట పట్టుకుని వంగిపోయి ఉంది. ముఖమంతా చెమట.

"ఏమైందమ్మా?"

"సరే సార్."

"నొప్పా?"

"సరే సార్."

ముంషీ వైపు తిరిగాను.

"పొద్దటిసంది గట్లనే అంటాంది. మంచిగనే ఉన్నది," అన్నాడు ముంషీ.

"నీకు కండ్లు లేవార!" అని అరిచి, ఆమెనూ భర్తనూ ఆటో ఎక్కించాను. కరీంనగర్ దాకా నా పొట్ట పట్టుకుని 'నొప్పి' అని చూపించాను. అడ్వాన్సు ఇచ్చిన కూలీని వదలడు, ముంషీ వెనకాలే వస్తాడని తెలుసు కనుక, తల అడ్డంగా ఊపి 'రాను' అని కూడా నేర్పాను.

సర్కారు దవాఖానలో నర్సు చెయ్యి పట్టుకుని ఆమె "నొప్పి" అంది. నర్సు బీపీ చూసి నన్ను కసిరింది: "గింతసేపు ఏం జేసిన్రు? ఇద్దరి పాణం మీదికొచ్చేది!"

రెండింటికి ముంషీ రానే వచ్చాడు. మంచం దగ్గర నిలబడి, "రా, పోదాం. అక్కడనే సూది ఏయిస్త," అన్నాడు. ఆమె భర్త వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"రాను," అంది ఆమె.

"ఇన్నవు గద, రానంటాంది. నువ్వు బయటికి నడువు," అంది నర్సు.

ఐదింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఐదున్నర బస్సుకు తిరుగుముఖం పట్టాను. దారికి రెండు పక్కలా బట్టీల పొగ. మన ఇళ్లన్నీ ఆ ఇటుకలతో కట్టుకున్నవే. మీరెవరైనా అటు పోతే బోర్డు చూసి మెచ్చుకుని రాకండి. దాని కింద కూర్చున్నవాళ్లను 'ఎట్లున్నరు' అని అడగండి. 'సరే సార్' అంటే మాత్రం అక్కడి నుంచి కదలకండి.