మా విశ్వం బావ చెప్పిన రెండో సగం

నిన్న సాయంత్రం నిడదవోలు సభలో మైకు సరిచేసుకుంటుంటే అక్క ఫోన్.

"మీ బావ పోయారురా."

మధ్యాహ్నం భోంచేసి పేపర్ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట.

సభ ఆపేసి దిగిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బావ వైరస్‌ల సైంటిస్ట్. రిటైరై రాజమండ్రి వచ్చేశారు. కళ్ళకలక తెచ్చే అడినోవైరస్‌లో రకాలు చాలా ఉన్నాయి. వాటిని పోల్చి చూడటమే ఆయన జీవితకాలం పని.

నేను పదో తరగతి తప్పి, సొంతంగా శాస్త్రాలు చదువుకుని ఊరూరా ప్రవచనం చెప్పేవాణ్ణి. ఆయన నన్ను "స్వామీ" అని పిలిచేది గౌరవంతో కాదు.

వేసవిలో వాళ్ళింట్లో మామిడిపళ్ళు తింటూ అడిగాను, ఇంతకీ మీరేం చేసేవారు బావా అని.

"మోనోక్లోనల్ యాంటీబాడీలని ఉంటాయి స్వామీ. ఒక్కోటి వైరస్ మీద ఒక్క చోటునే పట్టుకుంటుంది. వాటిని ఒక్కో రకం మీద వేసి, ఏది దేనికి అతుక్కుంటుందో చూస్తాం. ఇదిగో, ఈ టెంకను పట్టేదుందనుకో, కొత్తపల్లి కొబ్బరికైనా సువర్ణరేఖకైనా అతుక్కుంటుంది. తొక్కను పట్టేది ఒక్క రకానికే."

"అంటే లోపల అన్నీ ఒకటే."

"ఆగవయ్యా. వైరస్‌ను ఆపేది ఎక్కువగా ఆ తొక్కను పట్టేదే. టెంకను గుర్తుపట్టినంత మాత్రాన అది ఆగదు. అందుకే ఒక రకం వచ్చి తగ్గినా ఇంకో రకం వస్తుంది. సగం విని లేచిపోకు."

నేను సగం విని లేచిపోయాను.

తొక్కలు వేరు, టెంక ఒకటే, సైన్సే ఒప్పుకుంది అని ఆత్రేయపురంలో గర్జించాను. చప్పట్లు.

ఆ చప్పట్ల వేడిలో ఇంకో మాట జారింది. "ఒకసారి కలక వచ్చి తగ్గినవాడికి ఇక భయం లేదు."

ఆ సభలో ఉన్న సత్యవతిగారు నమ్మారు. బావ పూతరేకులు కొనేది ఆవిడ దగ్గరే. నిరుడు తనకు వచ్చి తగ్గింది కదా అని, ఈసారి చెల్లెలి పిల్లలకు కలక వస్తే వాళ్ళ తువ్వాలుతోనే తన మొహమూ తుడుచుకున్నారు.

మళ్ళీ వచ్చింది. తగ్గాక కూడా చూపు మసక. రేకు ఎక్కడ చిరిగిందో కనబడట్లేదని పని మానేశారు.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది బావే. నిదానంగా తగ్గుతుందన్నారట. ఆ తర్వాత నాకు ఫోన్ చేశారు.

"మైకులో చెప్పింది మైకులోనే దిద్దు స్వామీ."

"అలాగే బావా."

దిద్దలేదు. తప్పయిందంటే ఇక నా మాట ఎవరు వింటారని.

ఆ వారమే అహంకారం మీద గంటసేపు నిప్పులు కురిపించాను. యుద్ధంలో సగం నిజం గట్టిగా, సగం మెల్లగా పలికిన రాజు రథం నేలకు దిగిందని ఎన్ని ఊళ్ళలో చెప్పానో. ఆ రాజు మెల్లగానైనా పలికాడు.

పోయిన శనివారం కోరుకొండ సభకు బావ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు. అటు చూడకుండా చివరిదాకా లాగించేశాను.

దిగాక భుజం తట్టారు. "గొంతు బాగుంది స్వామీ ఇవాళ."

అంతే, ఆటో ఎక్కేశారు. నాతో ఆయన ఆఖరి మాట అదే.

ఇవాళ పొద్దున పాడె ఎత్తబోయే ముందు నన్ను నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు.

నేను చెప్పింది తప్పని చెప్పాను. కళ్ళకలక ఒకసారి తగ్గినా మళ్ళీ రావచ్చు, తువ్వాళ్ళు వేరుగా పెట్టుకోండి, చేతులు కడుక్కోండి అన్నాను. అక్కడ మైకు లేదు. అరిచే చెప్పాను.

సత్యవతిగారు అక్క పక్కనే ఉన్నారు. కళ్ళు చికిలించి నా వైపు చూశారు.

"ఈ మాట ఆయనుండగా చెప్పాల్సిందండి."

"అవునమ్మా" అన్నాను.

నా ఆత్రేయపురం సభ వీడియో పంచుకున్నవాళ్ళు దయచేసి దీన్నీ పంచండి.

వెళ్ళి రండి బావా. మీరు చెప్పింది ఆఖరిదాకా వినేవాళ్ళ మధ్య మీ ఆత్మ చల్లగా ఉండాలి.