తాత బండికి నా ఫుట్‌రెస్ట్

మీ తాతకు కుడిచెవి అసలు వినబడదు, ఎడమచెవి ఏదో సగం వినబడుతుంది. అందుకే బండి మీద ఆయన చెవులు నేనే. వెనుక ఎవరైనా హారన్ కొడితే ఆయన కుడి భుజం మీద తడతాను, ఆయన పక్కకు జరుగుతాడు. పెళ్లయిన కొత్తలో సరదాకు కూర్చునేదాన్ని, ఈ వయసుకు వచ్చేసరికి అదే నా డ్యూటీ అయింది. "అమ్మ ఎనుక కూసుంటెనే బండి తియ్యాలె, లేకుంటే తాళంచెయ్యి నాకియ్యి" అని మీ నాయన షరతు పెట్టాడు.

మా బతుకంతా ఆ బండి మీదే నడిచింది. సిరిసిల్లలో సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, నేసిన తువ్వాలలు, లంగాలు మూటగట్టుకుని మన తంగళ్ళపల్లి నుంచి కోరుట్ల వారపు అంగడికి పోయేవాళ్లం. మూట నా ఒళ్లో ఉండేది. నేను చీర కట్టుకుని ఒక పక్కకే కూర్చుంటాను కదా, నా రెండు కాళ్లకింద వెడల్పాటి ఇనుప ఫుట్‌రెస్ట్ ఒకటి ఉండేది. బండితోపాటు కంపెనీవాళ్లే ఇచ్చారు. దానిమీది రబ్బరు నా మడమల దగ్గర అరిగి గుంటలు పడింది. ఆ బండి మీద నేను ఎన్నిసార్లు కునుకు తీశానో మీ తాతకు కూడా తెలియదు.

పోయిన ఎండాకాలం ఆ బండి కోరుట్ల అంగట్లోనే ఆగిపోయింది. అక్కడ మనకు ఎప్పటినుంచో తెలిసిన మెకానిక్ భాయ్ ఉన్నాడు. ఇంజన్ విప్పి చూసి చేతులు తుడుచుకున్నాడు.

"చాచా, గీ సామాను ఇగ దొరకది. కంపెనోళ్లు బంద్ జేసిండ్రు. పాత బండ్లల్లకెళ్లి తీసి ఎయ్యాలె, గవి గూడ అయిపోయినయ్."

"ఏమంటుండు?" అని మీ తాత నన్ను అడిగాడు.

"నీ లెక్కనే ముసల్దయిందంటుండు" అని చెవిలో గట్టిగా చెప్పాను. భాయ్ నవ్వాడు గానీ మీ తాత నవ్వలేదు.

మీ నాయన కరెంటు స్కూటర్ కొందామన్నాడు. మూటతో, ఇద్దరం ఎక్కి, కోరుట్ల దాకా పోయి తిరిగి రావాలంటే నడుమ ఎక్కడ చార్జింగ్ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. "సరే, నాయిన పాత కంపెనీ బండే కొందం" అని ఆఖరికి మీ నాయనే ఒప్పుకున్నాడు. సిరిసిల్లలో ఉన్న ఆ కంపెనీ షోరూం ఎత్తేశారు. జగిత్యాలలో ఒకటి మిగిలిందంటే బస్సెక్కి ఇద్దరం పోయాం.

అక్కడున్నవి బండ్లా, లేళ్లా అనిపించింది. ముందు సీటు కింద, వెనుక సీటు అటక మీద. నేను అలవాటు కొద్దీ పక్కకు ఎక్కి కూర్చుని కాలుతో ఫుట్‌రెస్ట్ కోసం వెతికాను. ఎంత వెతికినా గాలే తగిలింది. బండి ఊగింది, అమ్మే పిల్లగాడు ఉరికొచ్చి పట్టుకున్నాడు.

"అమ్మా, గీ బండి మీద రెండు దిక్కుల కాళ్లేసి కూసోవాలె."

"గట్ల కూసుంటే నా చీరె యాడికి పోవాలె కొడుకా? మునుపు కాళ్లు పెట్టుకునేది ఇచ్చేటోళ్లు గద. ఇప్పుడు ఎనుక కూసునేటోళ్లకు కాళ్లుండయా?"

ఆ పిల్లగాడు మంచివాడు, మోటుగా మాట్లాడలేదు. స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నెమ్మదిగా చెప్పాడు.

"కంపెనోళ్లు మాత్రం ఏం జేస్తరమ్మా. ఒక దిక్కు కరెంటు బండ్లు అచ్చినయ్. ఇంకో దిక్కు పొగ తక్కువ రావాలెనని రూల్సు మారినయ్, ఇంజన్లన్ని మళ్ల కొత్తగ జేసుడాయె. గా ఖర్సు ఎల్లాలంటే ఒక్క తీరు బండే జేసి అన్ని దేశాలల్ల అమ్మాలె. ఆడ చీరెలు గట్టరు."

"ఈడ కడ్తరు గద."

"ఈడ గూడ పోరగాండ్లు గిట్లాంటిదే అడుగుతుండ్రు. మీ అసొంటోళ్లు వచ్చి కాళ్లు పెట్టి చూసి దిగి పోతుండ్రు. గీ షోరూం గూడ ఎన్ని దినాలుంటదో నాకైతె తెల్వది."

ఆ మాట విన్నాక కంపెనీని తిట్టబుద్ధి కాలేదు. మన సిరిసిల్లలో మాత్రం జరిగింది వేరేనా? ఆడపిల్లలు లంగాలు కట్టడం మానేశాక ఎన్ని సాంచాలు ఆగలేదు? మేం కూడా లంగాలు తగ్గించి నైటీలు పెట్టుకోలేదా? అమ్ముడుపోయేదే చేయాలి, పాతవాళ్ల సంగతి తర్వాత. అది వాళ్ల తప్పు కూడా కాదు.

మీ తాతకు అంతా చెవిలో చెప్పాను. ఆయన లేచి భుజం మీద తువ్వాల వేసుకున్నాడు. "నువ్వు కూసోరాకపోతె నాకు బండి అద్దు. నడువు పోదాం."

బండి లేదంటే అంగడి లేదు. అంగడి లేదంటే మీ తాత అరుగు మీద కూర్చుని, వినబడని చెవులతో రోజంతా ఏం చేస్తాడు? నాకు ఆ భయమే పట్టుకుంది. అక్కడినుంచే కోరుట్ల భాయ్‌కి ఫోన్ చేశాను.

"చాచీ, ఫికర్ చెయ్యకుండ్రి. కొనుక్కోని రాండ్రి. పాత బండి నా కాడనే ఉన్నది గద, దాని ఫుట్‌రెస్ట్ ఇప్పి కొత్తదానికి ఎక్కిస్త."

అమ్మే పిల్లగాడు ఫోన్ తీసుకుని, "వెల్డింగ్ పెడితె గ్యారంటీ పోతది భాయ్" అన్నాడు. బోల్టులతోనే బిగిస్తానని భాయ్ మాటిచ్చాడు.

బండి చేతికి వచ్చిన రోజు జగిత్యాల నుంచి కోరుట్ల దాకా మీ తాత ఒక్కడే నడిపాడు. షోరూం వాళ్లు తెచ్చి ఇస్తామన్నా, "కొత్త బండి ఇంకొకడు తోలుడేంది" అని మొండికేశాడు. ఈ సంగతి మీ నాయనకు తెలియదు, నేను చెబుతుంటే నువ్వు రాస్తున్నావు కదా, ఇప్పుడు నీ చేతిరాతతోనే తెలుస్తుంది. కాళ్లు పెట్టుకునేది ఇంకా లేదు కాబట్టి నేను వెనుక బస్సెక్కి డ్రైవర్ పక్కన నిలబడ్డాను.

ఊరు దాటగానే ముందు మీ తాత కనబడ్డాడు, నడిరోడ్డు మీద. డ్రైవర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆయన జరగలేదు. నా చెయ్యి దానంతటదే లేచింది, తట్టడానికి అక్కడ భుజం లేదు.

"గీ ముసలోనికి సెవుడా ఏంది?" అన్నాడు డ్రైవర్.

"అవు కొడుకా, సెవుడే. మా ఆయన."

డ్రైవర్ నా మొహం చూసి హారన్ మీదినుంచి చెయ్యి తీశాడు. బస్సును అట్లాగే మెల్లగా ఆయన వెనుక పోనిచ్చాడు. వెనుక వచ్చే లారీలు ఆగి ఆగి మమ్మల్ని దాటుకుని పోయాయి. "పెండ్లి ఊరేగింపు లెక్కున్నది" అని ఎవరో అంటే బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగానే. రోడ్డు వెడల్పయ్యాక మీ తాత తనంతట తానే పక్కకు జరిగాడు. వెనుక బస్సుందని కోరుట్లలో నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు.

భాయ్ నన్ను కొత్త బండి మీద కూర్చోబెట్టి, నా మడమలు వచ్చే చోట సుద్దముక్కతో గీతలు పెట్టుకున్నాడు. పాత ఫుట్‌రెస్ట్ కాడను కొద్దిగా వంచి, పట్టీలు వేసి బిగించాడు. వెనుక సీటు ఎత్తును మాత్రం ఏం చేయలేకపోయాడు. జారకుండా దాని మీద మన తువ్వాల మడిచి కట్టాను.

అమ్మే పిల్లగాడు ఫొటో తీసి పంపమంటే పంపించాం. దాన్ని కంపెనీకి పంపానన్నాడు. వాళ్ల నుంచి ఏం జవాబు రాలేదట. రాకపోయినా ఏం లేదు. ఆ కంపెనీలోనే ఎప్పుడో ఎవరో, వెనుక కూర్చునే ఆడమనిషి కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుందని ఆలోచించారు. వాళ్లు ఎవరో నాకు తెలియదు, ఉన్నారో లేరో కూడా తెలియదు. భాయ్‌నీ, ఆ బస్సు డ్రైవర్‌నీ తలుచుకున్నప్పుడు వాళ్లనూ తలుచుకుంటాను.

ఆ సాయంత్రం కోరుట్ల నుంచి ఇద్దరం ఇంటికి బయలుదేరాం. కాలు పెట్టగానే అరిగిన గుంటల్లో మడమలు సరిగ్గా కూర్చున్నాయి. కొంతదూరం పోయాక వెనుక లారీ హారన్ వినబడింది. భుజం మీద తట్టాను. మీ తాత పక్కకు జరిగాడు.