విచారణ కూర్చోకముందే పోయిన సెక్రటరీ సార్

చనిపోయిన మనిషిని నడిరోడ్డు మీద దించేలా చేశారు. మా కబడ్డీ సెక్రటరీ సార్ పాడెను పోయిన మంగళవారం రాష్ట్ర సంఘం గ్రౌండ్ ముందు, తాళం వేసిన గేటు బయట, సాగర్ రోడ్డు లారీల దుమ్ములో దించాం. శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి నేలకు దించి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవడం మన ఆచారం. దింపుడు కళ్లం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే లేస్తారని ఆశ. ఆ పిలుపేదో ఆయన దగ్గరుండి తవ్వించి, జల్లెడ పట్టించిన మట్టి మీద పిలుద్దామనుకున్నాం. సస్పెన్షన్‌లో ఉన్న మనిషిని లోపలికి రానివ్వొద్దని ఆర్డర్ ఉందన్నారు. శవానికి సస్పెన్షన్ ఏమిటో చదువుకున్నవాళ్లు ఎవరైనా నాకు చెప్పాలి.

నేను రాడ్ కట్టే పనివాడిని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా లేస్తున్న కాలనీల్లో స్లాబులకు ఇనుము కడతాను. ఆ పొద్దున కూడా స్లాబు మీదే ఉన్నాను. మా టీములో ఆడే ఆటో అన్న కింద నిలబడి, "దిగురా! సార్ పోయిండు, మలక్‌పేట దవాఖానల" అని అరిచాడు. దిగాను. ఎట్లా దిగానో గుర్తులేదు.

సార్‌ది నల్లగొండ దిక్కు పల్లె. ఆటగాడిగా మొదలై, జిల్లా దాటి, రాష్ట్రం దాటి, దేశం మొత్తానికి కబడ్డీ సెక్రటరీ అయ్యారు. అయినా టీములతో పాటు జనరల్ బోగీలోనే పోయేవారు, బడి గదుల్లో ఆటగాళ్ల పక్కనే చాప వేసుకునేవారు. జాతీయ పోటీలు ఏ ఊళ్లో పెట్టినా ముందు చెప్పులు విడిచి కోర్టంతా నడవడం ఆయన పద్ధతి. కాలికి రాయి తగిలితే ఆట మొదలుకాదు, మట్టి మారాల్సిందే. ఒక ఊళ్లో మంత్రి వచ్చి కూర్చున్నాక మట్టి మార్పించారు. నిర్వాహకులు మొత్తుకుంటే, "మంత్రి మోకాళ్లు కుర్చీల ఉన్నయ్. పోరగాళ్ల మోకాళ్లు గీ మట్టిల ఉంటయ్" అన్నారట. ఇట్లాంటి మాటలకు చప్పట్లు కొట్టినవాళ్లం మేము. పగ పట్టినవాళ్లు పదవుల్లో ఉన్నారు.

ఆయన తప్పే చేయలేదని రాయను. ఒకసారి జాతీయ పోటీలకు వస్తున్న ఆడపిల్లల టీము, రైలు ఆలస్యమై, గడువు దాటాక చేరింది. రూల్ రూలే అని వెనక్కి పంపేశారు. పేపర్లు తిట్టాయి. తిట్టాల్సిందే. చాలా కాలం తర్వాత ఆ సంగతి ఆయనే ఎత్తి, "రైలు లేటైతే పిల్లలదేం తప్పురా? ఆ దినం నేను రూల్ సూసిన, మొఖాలు సూడలే" అన్నారు.

కానీ ఆయన్ని ముంచింది ఆ తప్పు కాదు, ఒక ఒప్పు. జూనియర్ల జాతీయ పోటీలు ఇక్కడే జరిగాయి. మన టీము కెప్టెన్ ఎల్బీనగర్ దగ్గర పొలాలున్న పెద్దింటి పిల్లవాడు, రాష్ట్ర సంఘం ప్రెసిడెంటుకు మేనల్లుడు. జూనియర్లకు బరువు హద్దుంటుంది. పొద్దున్నే కాంటా ఎక్కాల్సినవాణ్ణి ఇంట్లోవాళ్లు బలమొస్తుందని కడుపు నిండా పాయా తాగించి, రొట్టెలు తినిపించి పంపారు. ముల్లు హద్దు దాటింది. సార్ గొంగడి కప్పించి గ్రౌండ్ చుట్టూ ఉరికించారు, చెమట కక్కించారు. ముల్లు దిగలేదు. ప్రెసిడెంటు దగ్గరికొచ్చి, "సెక్రటరీ సాబ్, జర సూస్కో. మనోడే గద!" అన్నాడు.

"కాంటకు చుట్టరికం తెల్వది పటేలా" అన్నారు సార్.

కెప్టెన్ లేకుండా ఆడి మన టీము ఓడింది. వారం తిరక్కుండానే పుకారు లేచింది: సెక్రటరీ అవతలి రాష్ట్రానికి అమ్ముడుపోయాడు, లేకుంటే ఎల్బీనగర్‌లో ప్లాటు ఎట్లా వచ్చింది? అమ్మ, అంటే సార్ భార్య, తన పుట్టింటి చెలక భూమి అమ్మితే వచ్చింది. అడిగితే ఎవరైనా చెప్పేవాళ్లు. అడగలేదు. విచారణ అయ్యేదాకా అని సస్పెండ్ చేశారు, దాంతో ఢిల్లీ పదవీ పోయింది. ఆ విచారణ ఆయన చచ్చేదాకా కూర్చోలేదు.

మ్యాచ్ అమ్ముకున్నాడన్న మనిషిది రేకుల ఇల్లు. "స్లాబు పోసే దినం ఇనుము నేనే కడ్తా సార్" అంటే, "ముందుగాల పేరు నిలబడనీరా, ఇల్లెక్కడికి పోతది" అనేవారు. గ్రౌండ్‌కు రావద్దంటే కాలనీలో ఖాళీ ప్లాట్లలో మాకు ఆట నేర్పారు. ఒక ప్లాటులో పునాది తవ్వితే సున్నం డబ్బా పట్టుకుని ఇంకో ప్లాటుకు పోయేవాళ్లం. "కూత గొంతులకెల్లి కాదురా, కడుపులకెల్లి రావాలె" అని నా పొట్ట మీద గుద్దేవారు. విచారణ కాగితం కోసం ఎదురుచూపు. ఇంటికి పోగానే ఆయన మొదటి మాట, "పోస్టొచ్చిందా?" అన్నం తర్వాత.

మంగళవారం గేటు లోపలి నుంచి జాయింట్ సెక్రటరీ, "నన్నేం చేయమంటారండీ? ప్రెసిడెంట్ గారు ఊళ్లో లేరు, తాళం చెవి ఆయన దగ్గరుంది" అన్నాడు.

"మరి నువ్వు గోడ దుంకి పోయినవా సారూ?" అన్నాడు ఆటో అన్న.

కొందరు గేటు ఊపారు. అమ్మ ఆపింది. "దించుండ్రి బిడ్డా. ఇన్నేండ్లు బయట్నే నిలవెట్టిండ్రు, ఆయనకు కొత్తనా?"

అప్పుడు స్కూటర్ మీద ఆ పాత కెప్టెన్ వచ్చాడు. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. మావాళ్లు బూతులు తిట్టారు. తల వంచుకుని పడ్డాడు. అమ్మ కాళ్లు మొక్కి, "నేను పిలుస్త అమ్మా" అన్నాడు. కొడుకులు లేని మనిషికి ఎవరో ఒకరు పిలవాలి కదా. అమ్మ సరేనంది. దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, "సార్... సార్... సార్" అన్నాడు. లేచి గేటు వైపు తిరిగాడు.

"నేను ఆ దినం బరువున్న. పాయా తాగొచ్చిన. సార్ ఎవ్వలికీ అమ్ముడువోలే. మా మామ ముంగట గూడ ఇదే చెప్తా, ఏడికి రమ్మంటే ఆడికొస్తా."

లోపలివాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ప్రెసిడెంట్ గారూ, సాక్షి దొరికాడు. విచారణ పెట్టండి, అందరి ముందు పెట్టండి. పెట్టలేకపోతే ఆ సస్పెన్షన్ తప్పని రాసి, సంతకం చేసి, అమ్మ చేతికివ్వండి. వచ్చే శుక్రవారం సార్ పదకొండో రోజు. సాయంత్రం ఐదు గంటల లోపల జవాబు రావాలి. రాకపోతే ఆదివారం మీ రాష్ట్ర సెలక్షన్లకు గీతలు వేయించుకోండి, కుర్చీలు వేయించుకోండి, విజిల్ ఊదుకోండి. కూత పెట్టడానికి ఒక్కడూ దిగడు.