ఏటి మొగలో తీతువు గుడ్లు

నా చిన్నప్పుడు తీతువు అరిస్తే మా పేటలో ఆడవాళ్ళు గుప్పెడు ఉప్పు పొయ్యిలో వేసి దాన్ని తిట్టేవాళ్ళు. ఆ పిట్ట ఏ ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ఆ ఇంట్లో చావు తప్పదని నమ్మకం. పిల్లలూ, మొన్న ఫోనులో విని "ఆ కూత ఏంది అవ్వా" అని అడిగారు కదా, అదే పిట్ట. అది ఫోనులో చెప్పే కథ కాదు. అందుకే రాస్తున్నాను.

మా ఊరు విడవలూరు దాటి సముద్రం వైపు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒకపక్క మడచెట్లు, ఒకపక్క పీతలు పరుగెత్తే బురద, నడుమ ఇసుక దిబ్బలు. ఆ దిబ్బల మీదే, గూడనేది లేకుండా, తీతువు గుడ్లు పెట్టేది.

ఒక వేసవిలో పక్కింటి అక్క చంటిబిడ్డ జ్వరంతో పోయింది. ముందురోజు వాళ్ళింటి మీద తీతువు అరిచిందట. బిడ్డను తీసుకుపోయింది ఆ పిట్టేనని వాళ్ళ అత్త పట్టుబట్టింది. "గుడ్లు యాడుండాయో ఈ పిల్లకు తెలుసు. పోయి చిదిమేసి రా. నీ కడుపు మండలా?" అని కోడలిని నాతో పంపింది.

గుడ్లు నేనే చూపించాను. మట్టిరంగు మీద నల్లమచ్చలు, పక్కనే నిలబడినా కనిపించవు. అక్క కాలెత్తింది. తీతువు మా తలల మీద తిరుగుతూ ఒకటే గోల.

"తొందరగా తొక్కేయక్కా, అది పొడస్తాది!" అన్నాను.

అక్క తొక్కలేదు. దూరంగా జరిగి కూర్చుంది. ఇసుక కాలిపోతోంది. పిట్ట నీటి అంచుకు దిగి, పొట్ట ముంచుకుని, ఈకలు కారుతుండగా పరుగున వచ్చి గుడ్ల మీద కూర్చుంది.

"ఏందక్కా అది చేసేది?"

"బిడ్డలకు వేడి తగలకుండా తడి తెస్తా ఉందమ్మే."

ఆ మాట చెబుతున్న అక్క రవిక ముందంతా తడిసి ఉంది. "నీళ్ళు పడ్డాయక్కా" అన్నాను. "నీళ్ళు కాదులే" అని పైట కప్పుకుంది. అవి పాలని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇంటికొచ్చి, "నా వల్ల కాలేదత్తా" అంది.

"పిట్ట మీదుండే మమకారం బిడ్డ మీద లేకపాయె!" అంది అత్త. ఆనాటి నుంచి కోడలితో మాట మానేసింది.

పున్నమి పోటుకు నీళ్ళు దిబ్బ ఎక్కాయి. నీళ్ళు తగ్గాక అక్కా నేనూ పోయి చూస్తే గుడ్లు లేవు. తీతువు మాత్రం అక్కడే దిగుతూ, లేస్తూ, పొద్దంతా అరిచింది. అక్క అరుగు మీద కూర్చుని వింటోంది. అత్త ఉప్పు గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చింది.

"ఈపొద్దు ఎవురి చావు చెప్తా ఉందో ఇది!"

"దాని బిడ్డలదే అత్తా. పోటు తీసకపోయింది."

అత్త తలెత్తి దిబ్బ వైపు చూసింది. తర్వాత కోడలి పక్కన కూలబడి ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది. ఉప్పు అరుగంతా ఒలికిపోయింది. బిడ్డ పోయాక ఆ ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు. పిట్ట అరుస్తూనే ఉంది.

ఇప్పుడా దిబ్బలు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. ఎక్కడైనా బిడ్డ పోయిందంటే ఎవరి వల్ల, ఎందువల్ల అని ఇప్పటికీ అందరూ వెతుకుతారు. నేను అడగను. వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంటాను. ఆమె లేచేదాకా నేను లేవను.