గుర్రం ముట్టని గడ్డిమేటు

మా అమ్మాయి పెంచుకునే కుందేలు కోసం నిన్న ఇంటికి ఒక పొట్లం వచ్చింది. కత్తెరతో మూల కత్తిరించానో లేదో, ఎండుగడ్డి వాసన గుప్పుమని లేచి, నన్ను జుట్టు పట్టుకుని పాతికేళ్లు వెనక్కి ఈడ్చుకుపోయి, రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని మా పాత రైల్వే క్వార్టరు పెరట్లో కూలేసింది. తేరుకుని పొట్లం మీద ధర చూశాను. ఆ ధరకి గడ్డి కాదు, గడ్డి తినే జంతువే తాడుతో సహా ఇంటికి నడిచొచ్చే రోజులు నేనెరుగుదును.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. మా నాన్న వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన తమ్ముడు అప్పన్న బాబాయి, ఏ ఉద్యోగమూ తన మొహం చూడనంటోందని తేల్చుకుని, ఒక ముసురు పట్టిన సాయంత్రం అభన్‌పూర్ నుంచి తెల్లటి గుర్రాన్ని నడిపించుకొచ్చేశాడు. ఇక్కడి పెళ్లిళ్లలో వరుడు గుర్రమెక్కాల్సిందే కనక రాయపూర్ బ్రహ్మచారులందరూ తన చేతిలో ఉన్నట్టేనని ఆయన నమ్మకం. అది తలవంచి మా గేటు దాటుతుంటే క్వార్టరే చిన్నబోయింది. దాని కళ్లు మా మామ్మ కాటుక గిన్నెలంత. అది ఊపిరి వదిలితే తీగ మీద ఆరేసిన చీరలు పక్కింటివాళ్ల తీగ మీదికి వెళ్లి పడేవి. కాలనీ పిల్లలమంతా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. నా నోరు మటుకు దీపావళి దాకా మూతపడలేదు.

వానాకాలమంతా మేత చింత లేదు. పట్టాల పక్కన, మురుగుకాలవ గట్ల మీద, ఆటస్థలంలో, ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ దాని మూతి ఉండేది. అసలు భయం ఎండాకాలానిదే. అప్పటికి గడ్డి సిద్ధం చేసే పని నాన్న మీదేసుకున్నారు. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, ఇరవయ్యేళ్లుగా ఇనుముతో కుస్తీ పడుతున్న మనిషికి గడ్డి అన్న మాట వినపడగానే చేతులు దురదపుట్టాయి. కోతలయ్యాక బళ్లకొద్దీ వరిగడ్డి వచ్చింది. ఇక్కడివాళ్లు దాన్ని పైరా అంటారు. కాలనీలోని మనవైపు ఫిట్టర్లు, వెల్డర్లు డ్యూటీ దిగి లుంగీలు ఎగ్గట్టుకుని వచ్చేశారు. కింద రాళ్లు పరిచి, పైన మోపులు పేర్చి, చుట్టూ తిరుగుతూ తొక్కి, నడుము దగ్గర ఉబ్బించి, నెత్తిన కొప్పులా ముడిచి, గడ్డితాళ్లు బిగించి మేటు కట్టారు. నాన్న దాని శిఖరం మీద నిలబడి చూస్తే నాగావళి కనపడిందన్నారు. మేం ఎవరమూ కాదనలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆ మేటు పక్కన అరుగులు వెలిశాయి; దాని వాసనకి మనుషులు వచ్చి, అమ్మ చేసిన పకోడీలు నములుతూ, తమ ఊళ్ల గురించి తెగ అబద్ధాలాడుకునేవారు.

హోలీ దాటి నేలంతా పెంకులా ఎండిపోయాక, నాన్న మొదటి మోపు తీసి, బంగారపు బిస్కెట్లు పెడుతున్నట్టు గుర్రం ముందు పెట్టారు. అది మూతి ఆనించింది. వాసన చూసింది. తల తిప్పేసుకుంది. బెల్లంనీళ్లు చిలకరించి పెట్టినా, తవుడు కలిపి పెట్టినా, అంతే. ఇంటిల్లిపాదీ దాన్ని గేదెలాగే లెక్కేశాం తప్ప, గుర్రాన్ని మేపడమంటే ఏమిటో మాలో ఒక్కరూ ఎరుగరు.

"ఏటన్నియ్యా, అక్తి నాటికి బీర్‌గావ్ పెళ్లి ఒప్పేసుకున్నాను. దీని పక్కలు సూడు, ఎముకలు లెక్కెట్టీయొచ్చు. దీని మీద దూల్హా ఎక్కితే ఇద్దరూ కూలిపోతారు. అమ్మీడమే ఇంక," అన్నాడు బాబాయి ఏడుపు గొంతుతో.

"దానికి నోరు సెడింది గానీ గడ్డికేటి కాలేదు," అన్నారు నాన్న.

అక్షయ తదియ పండగని ఇక్కడ అక్తి అంటారు. ఊరంతా పెళ్లిళ్లే, పిల్లలం మట్టిబొమ్మలకి సైతం పెళ్లి చేసి, మామిడికాయలు, శనగపిండితో వండిన ఠేఠరీలు పంచుకునేవాళ్లం. నా బొమ్మ వరుడు ఆ గుర్రమెక్కాలని నేను సంకల్పం చెప్పుకున్నాను. దాని పక్కలు లోపలికి పోతుంటే రోజూ వెళ్లి ఎముకలు లెక్కపెట్టాను.

ఒక పొద్దున మామ్మ వినాయకుడి కోసం కుళాయి పక్కన పెంచుకున్న గరిక కోసి, పళ్లెంలో పెట్టి, కిటికీ దగ్గర ఉంచి దీపం సర్దుతోంది. కిటికీలోంచి పొడుగాటి తెల్లటి తల లోపలికొచ్చింది. గరిక మొత్తం కళ్లు మూసుకుని నమిలింది. మామ్మ బుగ్గన చెయ్యేసుకుంది.

"ఓలమ్మా! ఇన్నేళ్లుగా పెడతన్నాను, ఆ సామి ఒక్క పరక కొరకనేదు. ఇదే నయం."

ఆ కుళాయి పక్క గరిక గుర్రానికి ఒక్క పూటకైనా రాదు. మర్నాడు ఇటుకలు మోసే గాడిదలు మా గేటు ముందు వెళుతుంటే గుర్రం సకిలించింది. వెనక గాడిద వీపు మీద ఎండుగరిక కట్టలు! గాడిదల యజమానురాలు బీర్‌గావ్ అవతల పచ్చి ఇటుకలు కోసే ఆవిడ. మామ్మ ఆమెకి అడ్డం నిలబడింది. మామ్మకి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకున్నారు. ఆవిడ చూపు గరిక మీంచి మా గోడ మీదుగా లేచిన మేటు మీదికెళ్లి అక్కడే ఆగిపోయింది. గాలివానొస్తే పచ్చి ఇటుకల మీద కప్పడానికి ఆమెకి గడ్డి కావాలి.

"తోర్ పైరా మోలా దే దాయి, మోర్ దూబ్ తయ్ లే," అంది. నీ వరిగడ్డి నాకు, నా గరిక నీకు. వానాకాలం చివర చెరువుగట్ల మీద కోసి ఎండబెట్టినది ఆమె గుడిసె నిండా ఉందట. గాడిదలు ఏం పెట్టినా తింటాయిట.

అందరం నాన్న వైపు చూశాం. ఆయన మేటు చుట్టూ ఒకసారి తిరిగారు. అరచేత్తో దాని నడుము తట్టారు. బాబాయి కింద నుంచి ఒక మోపు లాగబోతే కసిరారు.

"సెయ్యి తియ్యి! కట్టినోడే ఇప్పాల. పైనుంచి ఇప్పాల. కింద నుంచి లాగితే మేటుకి అవమానంరా."

నిచ్చెనేసుకుని ఎక్కి, కొప్పు ముడి తనే విప్పారు. గాడిదలు మోపులతో వెళుతూ, ఎండుగరికతో తిరిగొస్తూ తిరిగాయి. మేటు రోజురోజుకీ కుంగింది. గుర్రం అంతకంతకూ లేచింది. అక్తి నాడు జరీ జీను కట్టుకుని అది వీధిలోకి అడుగుపెడితే బ్యాండు వాళ్లు ఒక్క క్షణం వాయించడం మరిచిపోయారు. బీర్‌గావ్ వరుడి కన్నా ముందు నా మట్టి వరుడే దాని మీద ఊరేగాడు. రాళ్లు మాత్రమే మిగిలిన పెరట్లో నిలబడి నాన్న చూశారు. "దర్జా ఉందిలే," అన్నారు.

తరవాత వరుళ్లు కార్లెక్కారు. గుర్రం చేతులు మారింది, చెరువుగట్లకి సిమెంటు పోశారు, ఇటుకల్ని లారీలు మోస్తున్నాయి. మామ్మ లేదు, కుళాయి పక్క గరికా లేదు.

నేను పొట్లం పట్టుకుని ఇవన్నీ తలుచుకుంటుంటే, మాతోనే ఉంటున్న నాన్న వచ్చి అందులో ముక్కు పెట్టారు. గుప్పెడు తీసుకుని, వేళ్లతో చుట్టూ తొక్కి, నడుము ఉబ్బించి, నెత్తిన ముడి వేసి, జానెడు మేటు కట్టి కుందేలు పెట్టెలో నిలబెట్టారు. అది గబగబా వచ్చి అడుగునుంచి ఒక పరక లాగింది.

"పైనుంచే, పైనుంచి," అన్నారు నాన్న, దానికి వేలు చూపిస్తూ.